ముందే వచ్చిన నవ్వు

“సగంలో ఆపేసిన ఈ బొమ్మ ఎవరిదే?”

నా భర్త ఉమాశంకర్ టీవీ ముందు నిలబడి అడిగినప్పుడు నేను వంటింట్లో చేపల పొలుసు గీకుతున్నాను. మేము డబ్బు కట్టి చూసే యాప్‌లో, సగంలో ఆపిన సినిమా కింద ఒక ఎర్ర గీత ఉంటుంది. ఎంతసేపు చూస్తే అంత పొడవు. ఆ గీత నా మధ్యాహ్నాన్ని కొలిచి ఆయన ముందు పెట్టింది.

“నలబై నిమిసాలు సూసినావు. నిన్న అమ్మ టీ అడిగితే పనిలో ఉన్నానన్నావంట?”

ఆయన గొంతులో కోపం లేదు. నవ్వుతూనే అన్నాడు. వరండాలోంచి అత్త సింహాచలమ్మ అందుకుంది. “పోన్లేరా, మారాణిగారు అలిసిపోయుంటారు.”

ఆ తర్వాత టీవీ ముట్టుకోలేదు. ఒకరోజు నా ఫోన్‌లో అదే యాప్ తెరిచాను. ఎవరో కొత్తవాళ్ళు లోపలికి వచ్చారని రైల్వే వర్క్‌షాప్‌లో ఉన్న ఆయన ఫోన్‌కి మెసేజ్ వెళ్ళింది. దొంగలనుకుని పాస్‌వర్డ్ మార్చేశాడు. సాయంత్రం, అది నేనేనని చెప్పాను. “ముందే సెప్పొచ్చు గదా,” అన్నాడు. కొత్త పాస్‌వర్డ్ మాత్రం చెప్పలేదు. నేనూ అడగలేదు. మా ఊరి బడిలో ఆడపిల్లలం వెనక వరసలో కూర్చునేవాళ్ళం. బోర్డు కనపడకపోయినా అడిగేవాళ్ళం కాదు. పక్కదాని పుస్తకంలో చూసి రాసుకునేవాళ్ళం. పెళ్ళై బెంగాల్లోని ఈ ఖరగ్‌పూర్ వచ్చి నాలుగేళ్ళయినా ఆ అలవాటు పోలేదు.

ఈసారి పక్క పుస్తకం సూసన్నక్కది. ట్రాఫిక్ అనే మా రైల్వే కాలనీలోనే రెండు క్వార్టర్ల అవతల ఉంటుంది, జాకెట్లు కుడుతుంది. “ఒక బొమ్మ ఒకదాంట్లో, ఇంకోటి ఇంకోదాంట్లో. మూడిటికి కట్టినా నాకు కావలసింది నాలుగోదాంట్లో ఉంటాది. ఇక్కడ హాల్లో మన తెలుగు బొమ్మ ఎప్పుడొస్తాదో, ఎప్పుడెలిపోతాదో దేవుడికే ఎరుక,” అంటూ మిషన్ ఆపకుండానే ఒక కొత్త సినిమా నా ఫోన్‌లోకి పంపింది. “దొంగ ప్రింటే. కానీ ఇందులో నువ్వు సెప్పిన ఎర్ర గీత ఉండదు సెల్లీ.”

ఎవరో హాల్లో కూర్చుని తీసిన బొమ్మ అది. తెర ఒక పక్కకి ఒరిగి ఉంది. మధ్యమధ్య ఎవరివో తలలు అడ్డం వస్తాయి. అయినా నాకు అదే నచ్చింది. పెళ్ళయ్యాక నేను సినిమా హాలు మెట్లెక్కలేదు. పోపు డబ్బా వెనక ఫోన్ నిలబెట్టి, ఉల్లిపాయలు తరుగుతూ, పది నిమిషాలకోసారి ఆపుతూ చూస్తుంటే, ఆ హాల్లో వెనక వరసలో నేనూ ఒకదాన్ననిపించేది. ఆ హాలు జనంలో ఒకామె ఉంది. మొహం కనపడదు, నవ్వు మాత్రం వినిపిస్తుంది. పెళ్ళిచూపుల్లో పెళ్ళికొడుకు మామ కుర్చీ విరిగి కింద పడే చోట, ఆయన గుమ్మంలోకి అడుగుపెట్టగానే, హాలంతా నిశ్శబ్దంగా ఉండగానే, ఆమె ఒక్కతే గట్టిగా నవ్వేస్తుంది. ఎందుకు నవ్వావని ఎవరూ అడగరు. నేను ఆమెతో కలిసి నవ్వడం నేర్చుకున్నాను.

భయం లేకుండా మాత్రం ఒక్క రోజూ చూడలేదు. గేటు చప్పుడైతే ఫోన్ బోర్లా పెట్టేసేదాన్ని. బండి శబ్దం మాది కాదని తెలిసేదాకా కత్తిపీట మీద చెయ్యి కదిలేది కాదు. ఫోన్ వేడెక్కితే, అది కూడా ఆయనకేదో చెప్పేస్తుందేమోనని తడిగుడ్డ మీద పెట్టి చల్లార్చేదాన్ని. ఎందుకంటే ఆయనకు దొంగ ప్రింట్లంటే మంట. ఒకసారి ముందుగదిలో స్నేహితుడితో అంటున్నాడు. “ఎంతమంది కష్టపడితే ఒక బొమ్మ దాదా! ఒకళ్ళ కష్టం ఊరికే వాడేసుకుంటే అది దొంగతనమే గదా?” ఆ మాట అంటూనే, నా వైపు చూడకుండా, ఖాళీ కప్పు నా చేతికందించాడు. రెండోసారి టీ కోసం.

మొన్న ఆదివారం ఆ సినిమా మా యాప్‌లోకి వచ్చింది. అందరం టీవీ ముందు కూర్చున్నాం. నా ఒళ్ళో చిక్కుడుకాయల పళ్ళెం. ఈనెలు తీస్తూ చూస్తున్నాను. తెర మీద పెళ్ళికొడుకు మామ గుమ్మంలోకి అడుగుపెట్టాడు.

నేను నవ్వాను.

గదిలో నవ్వింది నేనొక్కదాన్నే. కుర్చీ ఆ తర్వాత విరిగింది. నవ్వబోయిన అత్త ఆగి నా వైపు తిరిగింది. ఉమాశంకర్ బొమ్మ ఆపాడు.

“ఇంకా పడనే లేదు గదా. నీకెలా తెలిసినాది?”

ట్రైలర్‌లో చూశానని అనొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళెం గట్టిగా పట్టుకున్నాను.

“సూసినాను. ఫోన్లో. మూడుసార్లు.”

“దొంగ ప్రింటా? మనం కట్టింది ఉండగా? ఎందుకే నీలా?”

“నేనెంతసేపు సూసినానో అది మీకు సెప్పదు.”

“ఇన్నావురా? దొంగని ఇంట్లోనే ఎట్టుకున్నాం,” అంది అత్త.

ఆయన తల్లిని ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. చిన్నపిల్లకు చెప్పినట్టు మెల్లగా అన్నాడు. “ఒకళ్ళ కష్టం ఊరికే వాడేసుకోడం తప్పు గాదా? నువ్వే సెప్పు.”

పెరట్లో ఆయన వర్క్‌షాప్ బట్టలు బకెట్లో నానుతున్నాయి. రాత్రి కూర నా ఒళ్ళో ఉంది.

“తప్పే,” అన్నాను. “నాలుగేళ్ళ బట్టీ నాకూ అలాగే అనిపిస్తంది.”

ఆయన చూపు నా ఒళ్ళో పళ్ళెం మీదికి దిగింది.

“రేపట్నుంచి దొంగది సూడను. రెండింటి నుంచి నాలుగుదాకా ఈ టీవీలోనే సూస్తాను. ఆ గీత ఎంత పొడుగుందో సూసుకోండి. అడగొద్దు.”

సగం ఒలిచిన చిక్కుడుకాయల పళ్ళెం ఆయన ఒళ్ళో పెట్టాను. చెయ్యి కొంగుకి తుడుచుకుని, ఆయన చేతిలోని రిమోట్ తీసుకుని, బొమ్మ వెనక్కి నడిపాను.

మామ మళ్ళీ గుమ్మంలోకి అడుగుపెట్టాడు. నవ్వడానికి కుర్చీ విరిగేదాకా నేను ఆగలేదు.