రెండో కాలు

మా విభాగాధిపతికి మేం పెట్టుకున్న పేరు మైకు మాస్టారు. ఎముకలను బట్టి చనిపోయిందెవరో తేల్చే యూనివర్సిటీ విభాగం మాది. ఎముక పట్టుకోవడం కంటే మైకు పట్టుకోవడంలో ఆయనది తిరిగిన చెయ్యి. నేను ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ టెక్నీషియన్ని. ఎముకలు కడిగి, ఆరబెట్టి, కొలిచి, ఫారం నింపడం నా పని. వాటి గురించి టీవీలో చెప్పడం ఆయన పని.

ఆ వారం ఆయన కాలు నేల మీద నిలవలేదు. శుక్రవారం విభాగం వార్షికోత్సవం. అప్పటికి తొంభై తొమ్మిది మందిని, చాలావరకు కొలతలను బట్టే, గుర్తించి ఇళ్ళకు అప్పగించాం. ఆ రోజు వేదిక మీద నూరోవాడిని ప్రకటించాలని ఆయన పంతం. డీఎన్ఏ రిపోర్టు ఇంకో నాలుగు నెలలకు గాని రాదు. అయినా 'నూరు కుటుంబాలకు ఊరట' అని బ్యానరు అచ్చు వేయించేశాడు. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

నూరోవాడిగా ఆయన ఎంచుకున్నది రాళ్ళ క్వారీలో దొరికిన అస్థిపంజరాన్ని. మగవాడు, ముప్పై ఏళ్ళ లోపు, అయిదడుగుల ఆరంగుళాల ఎత్తు. తొమ్మిదేళ్ళ కిందట ఆ దారిలోనే పనికి వెళ్ళి తిరిగి రాని ఒక వెల్డరు వయసూ ఎత్తూ దీనికి సరిపోయాయి. ఆ మాత్రం పోలిక బస్టాపులో నిలబడ్డ సగం మందికి ఉంటుంది. ఈ మాట పైకి అనలేదు. ఆయనతో వాదించే ఓపిక నాకు ఎప్పుడో చచ్చిపోయింది.

బుధవారం వెల్డరు అక్క వచ్చింది. దర్జీ పని చేస్తుందట, మెడలో టేపు తీయడం కూడా మరిచిపోయి వచ్చేసింది. బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, తల నుంచి పాదాల దాకా ఎముకలు వరసగా పేర్చి ఉంచాను. ఆవిడ చాలాసేపు చూసింది.

"వీడేనా సార్?"

"నూటికి నూరు పాళ్ళూ అమ్మా. సైన్సు అబద్ధం చెప్పదు," అన్నాడు మైకు మాస్టారు.

సైన్సు చెప్పదు, నిజమే. దాని తరఫున చెప్పడానికి ఈయన ఉన్నాడు.

ఆవిడ సంచిలోంచి కొత్త ప్యాంటు తీసి కాలి ఎముకల పక్కన పరిచింది. "పెట్టెలో వీడితో పాటు ఇది కూడా పెట్టండి. నిన్నే కుట్టా."

ప్యాంటు ఒక కాలు రెండోదానికంటే పొట్టిగా ఉంది. మైకు మాస్టారు నవ్వాడు. "కంగారులో కొలత తప్పినట్టున్నావమ్మా."

"తప్పలేదు సార్. మా వాడి ఎడమ కాలు అంగుళం పొట్టి, పుట్టుకతోనే. చెప్పులో అట్ట పెట్టుకుని నడిచేవాడు."

"మరి పోలీసులకు చెప్పలేదే?"

"చెప్పా. కుంటుతాడా అని అడిగారు. పైకి అంతగా తెలీదండీ అన్నా. అయితే అక్కర్లేదన్నారు." ఆవిడ నా వైపు తిరిగింది. "అక్కా, కొలిచింది మీరేనా?"

"నేనే."

"రెండు కాళ్ళూ కొలిచారుగా?"

ఎత్తు లెక్క కట్టడానికి ఒక తొడ ఎముక చాలు. కుడిది కొలిచి, ఎడమ గడిలో డిటో పెట్టేయడం నాకు అలవాటు. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు.

"ఒకటే కొలిచా. రెండోదానికి డిటో పెట్టా."

"ముక్కూ మొహం తెలియనివాడు ప్యాంటు కుట్టమన్నా నేను రెండు కాళ్ళూ కొలుస్తానక్కా," అంది. గొంతులో కోపం లేదు. ఉంటే నాకు బావుండేది.

ఎముకలు కొలిచే పలక తెచ్చాను. తొడ ఎముకలు, ఆ తర్వాత పిక్క ఎముకలు, కుడీ ఎడమా అన్నీ ఆవిడ కళ్ళముందే కొలిచాను. ఒక మిల్లీమీటరు తేడా వచ్చింది. అంగుళం ఎక్కడ, ఇదెక్కడ!

"ఎండిన ఎముక కుంచించుకుపోతుంది కదా," అన్నాడు మైకు మాస్టారు.

"పొడుగు కాలు ఒక్కటే కుంచించుకుపోయిందా సార్, పొట్టిదానికి సరిసమానం అయ్యేదాకా?" అని ఆవిడ అడిగింది.

ఆయన మోగని ఫోను చెవికి పెట్టుకుని బయటికి నడిచాడు.

ఆవిడ కుర్చీలో కూలబడింది. "మా మరదలికి దొరికాడని చెప్పేశానక్కా. తొమ్మిదేళ్ళకి నిన్న రాత్రి కంటినిండా నిద్రపోయింది. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని ఇంటికి వెళ్ళను?" అని ఏడ్చింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

వెళ్ళేటప్పుడు ప్యాంటు మడిచి నా చేతిలో పెట్టింది. "సరిపోయే కాళ్ళు దొరికితే కబురు పెట్టండి. రెండూ కొలిచాకే."

ఫోను మాట్లాడడం అయిపోయినట్టు మైకు మాస్టారు తిరిగి వచ్చాడు. "ఇంకో పెట్టె చూడు. శుక్రవారానికి నూరోది తేలాలి," అని చెప్పి వెళ్ళాడు. ఆయన్ని వెక్కిరించడానికి ఎప్పటిలాగే నాలుక దురద పెట్టింది. కానీ గురివింద గింజ తన నలుపు ఎరగదట. ఆయన మైకులో చదివిన ప్రతి కాగితం నేను నింపి ఇచ్చిందే.

బీరువా తెరిచి తొంభై తొమ్మిది ఫారాలూ బల్ల మీద వేసుకున్నాను. ఒక్కొక్కటే తిరగేశాను. రెండు కాళ్ళూ కొలిచినవి పోను, డెబ్భై ఒక్క ఫారాల్లో ఎడమ గడిలో డిటో ఉంది. ఆ పెట్టెలన్నీ ఏనాడో ఇళ్ళకు చేరాయి. ఇప్పుడు కొలుద్దామన్నా ఎముకలు నా దగ్గర లేవు.

సాయంత్రం మైకు మాస్టారు తలుపు దగ్గర నుంచే తల లోపలికి పెట్టాడు.

"ఏమైంది? నూరు అయినట్టేనా?"

"ఇరవై ఎనిమిది సార్," అన్నాను.