పెరట్లో పొట్టుగుట్ట

"ఇది మీవల్ల కాదులెండి" అని ఎవరైనా అన్నారంటే చాలు, ఎలక్ట్రీషియన్ ఆ పని అయ్యేదాకా ఒంటికాలి మీద నిలబడతాడు. పెరట్లో గాలికి కూలిన చెట్టు మొద్దు గురించి ఆ మాట అన్నది స్వయానా అతని భార్యే. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. "మనుషుల్ని పెట్టి తీయిద్దామండీ" అని కూడా అంది గానీ, అది అతని చెవికెక్కలేదు. ఆవిడ డ్యూటీకని వీధి మలుపు తిరిగిందో లేదో, మొద్దుల్ని పిండి చేసే యంత్రం అద్దెకి తేవడానికి బయల్దేరాడు.

ఆ మొద్దు మీద అతనికి కక్ష కూడా ఉంది. చెట్టు కూలిన కొత్తలో బట్టలు ఆరేయడానికి వెళ్లిన అత్తగారు దాని వేరు తట్టుకుని బురదలో పడిపోయింది. ఎముకలైతే విరగలేదు గానీ ధైర్యం విరిగింది. అప్పట్నుంచీ వంటింటి కిటికీ దగ్గరి కుర్చీయే ఆవిడ లోకం. "మోకాళ్లు సహకరించట్లేదు బాబూ" అనేది. తంటా మోకాళ్లతో కాదని ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనేవాళ్లు కాదు.

యంత్రం పళ్లచక్రం మొద్దుకి తగలగానే పెరడంతా హోరెత్తిపోయింది. కళ్లద్దాలు, చేతి తొడుగులు, నెత్తిన స్కూటర్ హెల్మెట్‌తో అతను యుద్ధానికి దిగినవాడిలా ఉన్నాడు. అత్తగారు కిటికీలోంచి "అల్లుడుగారూ, నిదానం!" అని గొంతు చించుకుంది. వినబడితేగా!

యంత్రం ఆపేసరికి మొద్దు లేదు. అది ఉన్నచోట నడుమెత్తు పొట్టు ఉంది. తాడు మీది దుప్పట్ల నిండా పొట్టు. కిటికీ చువ్వల మధ్య పొట్టు. అత్తగారి జడలో కూడా పొట్టే.

"మొద్దేమైంది బాబూ?"

"పోయింది అత్తయ్యగారూ!"

"పోలేదు, పొంగింది" అందావిడ, జడ దులుపుకుంటూ.

సాయంత్రం ఇల్లు చేరిన భార్య పెరటి గుమ్మంలోనే ఆగిపోయింది. గుట్టనీ, మొగుణ్ణీ మార్చి మార్చి చూసింది. "మొద్దయితే కనీసం ఒకచోట కూర్చునేదండీ" అంది.

మర్నాడు అతను పొట్టునంతా మొద్దు ఉన్నచోట పడ్డ గుంటలోనే పోసేద్దామని పార పట్టాడు. గుంట నిండింది. ఎక్కి తొక్కి మళ్లీ పోశాడు. మళ్లీ నిండింది. గుట్ట మాత్రం తరిగినట్టే లేదు. చెత్తబండి వస్తే పరుగున వెళ్లి పిలుచుకొచ్చాడు. బండతను తొంగి చూసి, "మట్టీ రాళ్లూ కలిసున్నాయన్నా, మావాళ్లు ఒప్పుకోరు" అని హారన్ కొట్టుకుంటూ పోయాడు.

అప్పుడు అతనికి బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. అట్టముక్క మీద లావుపాటి అక్షరాలతో "ఇక్కడ చెక్కపొట్టు ఉచితం" అని రాసి గేటుకి కట్టి పనిలోకి వెళ్లాడు. ఎవరింట్లోనో ఫ్యాన్లు బిగిస్తున్నంతసేపూ, గుట్ట ఈపాటికి సగమైనా కరిగి ఉంటుందని లోలోపల మురిసిపోయాడు.

తిరిగొచ్చేసరికి గేటు ముందు బస్తాలు వరసగా నిలబడి ఉన్నాయి, నిండా పొట్టుతో! పక్కనే పక్కవీధి వడ్రంగి చేతులు దులుపుకుంటూ కనిపించాడు.

"మంచి పని పెట్టావు తమ్ముడూ! షాపులో పొట్టు ఎక్కడ పారబోయాలో తెలీక చస్తున్నాను. ఊరికే తీసుకునేవాళ్లు ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతారు? రేపు ఇంకాస్త తెస్తా."

ఎలక్ట్రీషియన్‌ వడ్రంగిని పెరట్లోకి తీసుకెళ్లి గుట్ట చూపించాడు. విషయం అర్థమయ్యాక, "ఉచితంగా పారబోయొచ్చని చదువుకున్నా" అని వడ్రంగి నాలిక్కరుచుకున్నాడు. ఇద్దరూ ఒకరి మొహాలొకరు చూసుకుని పగలబడి నవ్వారు. లోపల్నుంచి అత్తగారి నవ్వు కూడా వినబడింది. ఆ నవ్వు విని చాలా కాలమైంది. బస్తాలు తీసుకెళ్లిపోతానని వడ్రంగి ఎంత చెప్పినా, "ఇంత పెళ్లిలో పిలుపులేని చుట్టం ఇంకొకడు ఎక్కువా, ఉండనీ అన్నా" అని ఎలక్ట్రీషియన్ అట్టముక్క పీకి పారేశాడు.

ఆ రాత్రి వాన కురిసింది. తెల్లారేసరికి అత్తగారి కేక: "అల్లుడుగారూ! మీ గుట్ట తగలబడిపోతోంది!"

అతను బకెట్‌తో పరుగెత్తాడు. గుట్ట మీంచి తెల్లటి ఆవిరి లేస్తోంది. మంట మాత్రం ఎక్కడా లేదు. చెయ్యి దూర్చి చూస్తే వేడినీళ్ల సీసాలా ఉంది. వడ్రంగికి ఫోన్ చేశాడు.

"తడిపొట్టు కుప్పగా ఉంటే లోపల మగ్గి అలాగే వేడెక్కుతుంది. పలచగా పరిచెయ్. గోడకి మాత్రం ఆనించకు, చెదలు పడతాయి. ఉండు, నేనూ వస్తున్నా."

వస్తూ వస్తూ పనికిరాని చెక్కబద్దలు తెచ్చాడు. పొట్టు చెదరకుండా రెండువైపులా బద్దలు పాతుతూ, వంటింటి మెట్టు నుంచి బట్టల తాడు దాకా, అక్కణ్ణుంచి పెరడు చుట్టూ పరుచుకుంటూ పోయారు. సెలవని భార్య కూడా తట్ట అందుకుంది. మధ్యాహ్నానికి బురద పెరట్లో లేత గోధుమరంగు బాట తయారైంది.

అత్తగారు కిటికీలోంచి అంతా గమనిస్తూనే ఉంది. "మీ చెప్పులకి బురద అంటట్లేదేం?" అని అడిగింది.

"అంటదు అత్తయ్యగారూ. జారదు కూడా."

"మెత్తగా ఉందా?"

"నేను చెబితే నమ్మరుగా. మీరే చూడండి."

కిటికీలో మొహం మాయమైంది. కాసేపటికి తలుపు తెరుచుకుంది. ఆవిడ మెట్టు మీద నిలబడి, గుమ్మం పట్టుకున్న చెయ్యి వదలకుండా ఒక పాదం పొట్టు మీద ఆనించింది. తీసేసింది. మళ్లీ ఆనించింది. భార్య తట్ట కింద పెట్టేసింది. ఎలక్ట్రీషియన్ చెయ్యి అందించబోయాడు.

"మీరు దూరంగా ఉండండి బాబూ. మీరు పడితే నన్నూ పడేస్తారు."

గుమ్మం వదిలేసి నడిచింది. నెమ్మదిగా, ప్రతి అడుగునీ అనుమానిస్తూ, తాడు దాకా వెళ్లింది. ఆరేసిన దుప్పటి అంచు పట్టుకుని చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, "ఎవరండీ దీన్ని ఇలా ఉండలా ఆరేసింది?" అని కసిరింది. ఆ తిట్టు తనకే అని తెలిసినా, అల్లుడు కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. కంట్లో పొట్టు పడిందన్నాడు.

ఇప్పుడు పొద్దున్నే పెరడు చుట్టూ తిరగందే ఆవిడకి టీ దిగదు. అప్పుడప్పుడు వడ్రంగి భార్య కూడా తోడొస్తోంది. వానలు ముదిరాక బాట పొడుగునా తెల్లటి పుట్టగొడుగులు లేచాయి. వాటిని తినొద్దని ఎలక్ట్రీషియన్ భార్య తల్లిని హెచ్చరించింది. "తినేదెవరే? పొద్దున్నే పలకరించడానికి నాకూ ఎవరో ఒకరు ఉండొద్దూ?" అంటూ అత్తగారు వాటిని తొక్కకుండా తప్పుకుని నడుస్తోంది.