పైడిరాజు గీకేసిన బుధవారాలు

నేను ఒక గాజుతొట్టెను. రెండున్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంపావు ఎత్తు. అక్వేరియం అనే గొప్ప పేరు కూడా ఉంది గానీ విజయనగరంలో నన్ను ఆ పేరుతో పిలిచినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. మిగతా అందరికీ నేను చేపలతొట్టినే. నాకూ అదే నయం. పేరు గొప్ప ఊరు దిబ్బ అనిపించుకోవడం నాకిష్టం లేదు.

నన్ను చేసిన అద్దాల షాపువాడు ఐదు పలకలు కోసి, అంచులు నూరి, గమ్ముతో అతికించి, ఒక రోజంతా ఆరబెట్టాడు. తర్వాత నీళ్లు నింపి, ఎక్కడైనా కారుతున్నానేమోనని అరగంట నా చుట్టూ తిరిగాడు. పుట్టీ పుట్టగానే అనుమానం! మొదట నన్ను ఒక పళ్ల డాక్టరు కొన్నాడు. అక్కడ రెండేళ్లపాటు పన్నునొప్పివాళ్లు నా ఎర్రచేపల మొహాలు చూశారు, నేను వాళ్ల వాచిన దవడలు చూశాను. ఎవరికీ సుఖం లేదు. క్లినిక్కు వేరే వీధికి మారుస్తూ డాక్టరు నన్ను పైడిరాజుకి అంటగట్టాడు.

పైడిరాజుది సెలూను. రెండు కుర్చీలు, ఎదురుగా గోడంత అద్దం. పండగలకీ పెళ్లిళ్లకీ సన్నాయి కూడా వాయిస్తాడు. మనిషి వెన్న. ఉన్న జబ్బల్లా శుభ్రం. గడ్డం గీస్తే చెంప మీద ఒక్క వెంట్రుక మిగలకూడదు, అద్దం తుడిస్తే ఒక్క చుక్క మిగలకూడదు. నన్ను ఈశాన్యం మూల పెట్టి, రోజూ పొద్దున్నే పాత బ్లేడుతో లోపలా బయటా గీకి మెరిపించేవాడు. వచ్చినవాళ్లు “అసలు అద్దం ఉందా లేదా పైడిరాజూ?” అని అడిగితే వాడి ఛాతీ పొంగేది. నేనూ మురిసిపోయేదాన్ని. అబద్ధమెందుకు, బాగా మురిసిపోయేదాన్ని.

ఆ షాపుకి ప్రతి బుధవారం పదింటికి పాత్రుడు మాస్టారు గడ్డం గీయించుకోవడానికి వచ్చేవారు. నలభై ఏళ్లు హైస్కూల్లో డ్రాయింగు చెప్పి రిటైరయిన మనిషి. ఆయనకి చేపలంటే ప్రాణం. గప్పీలు, గౌరామీలు, ఏంజిల్ చేపలు, ఆయన చేతిలో పిల్లలు పెట్టనిది లేదు, ఒక్క కోరీడోరాస్ తప్ప. అదొక బొటనవేలంత మీసాల చేప. పైకెక్కి షోకు చేసే రకం కాదు. అడుగున ఇసకలో మూతి పెట్టి, పారేసుకున్న సూది వెతుక్కుంటున్నట్టు రోజంతా వెతుకుతూనే ఉంటుంది. మాస్టారు మేడ మీద అద్దె వాటాలోకి మారినప్పుడు, అంత నీటి బరువు శ్లాబు మొయ్యదని ఇంటాయన అడ్డుపడ్డాడు. తొట్టెలన్నీ ఇచ్చేశారు గానీ ఆ ఆరు కోరీలని మాత్రం ఎవరికీ ఇవ్వలేకపోయారు. నా ఎర్రచేపల్లో ఆఖరిది పోయిన వారానికి, శ్రావణమాసంలో ఒకనాడు వాటిని పాలక్యానులో వేసుకుని మా షాపుకి వచ్చారు.

“పైడిరాజూ, వీటిని నీ దగ్గర ఉంచు. నా కళ్లకి నీటికాసులట. మహా అయితే ఏడాది చూపుంటుందన్నాడు డాక్టరు. ఈలోగా ఇవి ఒక్కసారి గుడ్లు పెడితే కళ్లారా చూసుకోవాలని ఉందయ్యా. మంగళవారం నీకు సెలవే కదా, సగం నీళ్లు తోడేసి చల్లటి నీళ్లు పొయ్యి. వాన పడిందనుకుని పెడతాయి.”

“అయ్యో, అంత ఇదిగా సెప్పాలా మాస్టారూ! నానుండగా మీకెందుకండీ బెంగ?” అన్నాడు పైడిరాజు.

చేపలు గుడ్లు పెట్టాలంటే ఏం చెయ్యాలో మాస్టారు చెప్పారు. గుడ్డు ఎలా ఉంటుందో చెప్పలేదు. పాఠం చెప్పేవాళ్లకి ఇదొక రోగం, తమకి తెలిసింది లోకానికంతా తెలుసనుకుంటారు. పైడిరాజుకి తెలిసిన చేపగుడ్డు ఒకటే, ఆదివారం బజారులో బొచ్చెచేప పొట్ట కోస్తే బయటపడే పసుప్పచ్చటి జన. అలాంటి ముద్ద ఏదో చిన్న సైజులో ఇసక మీద పడుంటుందని వాడి ఊహ. అడిగితే చిన్నతనమని అడగలేదు.

మూడో మంగళవారం సాయంత్రం, షాపు మూసి ఉండగా, నా గోడ మీద ఆ పని జరిగింది. ఆడచేప మగదాని పక్కన ఒక్క క్షణం ఆగి, పొట్ట కింది రెక్కలు దోసిలిగా చేసి అందులో రెండు గుడ్లు పట్టుకుంది. నా గాజంతా మూతితో తడుముకుంటూ తిరిగి, ఒకచోట బాగుందనుకుంది కాబోలు, అక్కడ శుభ్రంగా నాకి, గుడ్లు అంటించింది. మళ్లీ వెళ్లింది, మళ్లీ తెచ్చింది. చీకటి పడేసరికి ఇరవై పైన అయ్యాయి. ఎర్రచేపల్ని మోసినప్పుడు నేను ఉత్త పాత్రని. ఆ రాత్రి మాత్రం నాకు కడుపు పండినట్టే అనిపించింది.

బుధవారం తొమ్మిదింటికి పైడిరాజు వచ్చాడు. ఇసకంతా వంగి వంగి వెతికాడు. ముద్ద ఏదీ కనబడలేదు. గాజు మీద తెల్లటి చుక్కలు కనబడ్డాయి. “ఈ బోరునీళ్లు మండిపోనూ, నిన్న పోస్తే ఇయాల్టికి ఉప్పు కట్టీసింది!” అని విసుక్కుని, బ్లేడు తీసి, చుక్క మిగలకుండా గీకేశాడు. రాలినవాటిని ఆ చేపలే తినేశాయి. వాటికేం తెలుసు? నాకు తెలుసు. నాకు నోరు లేదు.

పదింటికి మాస్టారు వచ్చి కుర్చీలో కూర్చుంటూనే అడిగారు.

“ఏమైనా కనిపించిందా?”

“ఏటీ నేదండి. ఇసకంతా గాలించీసేను. మీ సేపల మకాం మాత్రం సూడండి, ఎలా మెరిసిపోతందో!”

మాస్టారు ఇటు తిరిగి చూసి, “బాగా ఉంచుతున్నావు నాయనా” అన్నారు. ఆ మెప్పు విని నేను ఎప్పటిలాగే పొంగిపోయాను. గంట క్రితం జరిగింది మరిచిపోయి పొంగిపోయాను. నా బతుకులో నేను సిగ్గుపడేది ఒక్క ఆ క్షణానికే.

ఇక అక్కణ్ణుంచి వారం వారం అదే తంతు. మంగళవారం చల్లనీళ్లు, సాయంత్రం గుడ్లు, బుధవారం బ్లేడు, పదింటికి మాస్టారు. సంక్రాంతి దాటాక ఆయన కుర్చీ చేతులు తడుముకుని కూర్చోవడం మొదలైంది. ఎండలు ముదిరేసరికి చేతికి కర్ర వచ్చింది. “ముసలి చేపల్ని తెచ్చి నీ నెత్తిన పెట్టానేమోరా. లేకపోతే ఇవి గొడ్డు చేపలేమో” అన్నారు ఒకసారి. నా గాజు పగిలిపోతే బాగుండుననిపించింది. ఆషాఢంలో ఆయన చూపు పూర్తిగా పోయింది. అప్పటికీ బుధవారం రావడం మానలేదు, అడగడం మానలేదు.

దసరా వెళ్లాక వచ్చిన మంగళవారం మా ఊళ్లో సిరిమాను పండగ. పైడిరాజు పొద్దున్నే నా నీళ్లు మార్చి, సన్నాయి పట్టుకుని అమ్మవారి మేళంలోకి వెళ్లాడు. ఒళ్లు హూనమై, బుధవారం పదింటికి గానీ షాపు దగ్గరికి చేరలేకపోయాడు. అప్పటికే మాస్టారు మెట్టు మీద కూర్చుని ఉన్నారు. చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు.

“ఒక్క నిమిసం మాస్టారూ. తొట్టి గీకీసి వచ్చెస్తాను.”

“నాచు పట్టిందా?”

“నాచు కాదండి, ఉప్పు. పెతీ బుధోరం ఇదే బాగోతం. సగ్గుబియ్యం గింజల్లాగ అతుక్కుపోయుంటాది. గోటికి రాదు, బ్లేడెట్టాల్సిందే.”

మాస్టారు కర్ర పట్టుకుని కుర్చీలోంచి లేచారు.

“పైడిరాజూ, బ్లేడు కింద పెట్టు.”

“ఏటండీ?”

“కింద పెట్టి, నన్ను అక్కడికి తీసుకెళ్లు.”

చొక్కా చెయ్యి మడుచుకుని నాలో చెయ్యి పెట్టారు. ఆ వేళ్లు నా గోడ మీద మెల్లగా పాకి, మొదటి గుడ్డు దగ్గర ఆగాయి. అక్కణ్ణుంచి ఒక్కొక్కటే తాకుతూ పద్నాలుగు లెక్కపెట్టారు.

“ఉప్పు కాదు నాయనా. ఇవే గుడ్లు.”

“పెతీ బుధోరం మాస్టారూ! మీకు కళ్లున్నన్నాళ్లూ! మీరు పదింటికి వచ్చీవోరు, నాను తొమ్మిదింటికే గీకీసీవోణ్ణి. నా సేతులిరిగిపోనూ!” అని పైడిరాజు తల బాదుకుని ఏడ్చాడు.

మాస్టారికి కోపం రాలేదనుకునేరు. వచ్చింది. నాలో ఉన్న చెయ్యి విసురుగా బయటికి లాగేసుకున్నారు, నీళ్లు నేల మీద చిందాయి. “నలభై ఏళ్లు ఊరి పిల్లలందరిచేతా బొమ్మలు వేయించాను. గుడ్డు ఇలా ఉంటుందిరా అని నీకు ఒక్క చుక్క పెట్టి చూపించలేకపోయాను” అన్నారు. ఆ రోజు గడ్డం గీయించుకోకుండానే వెళ్లిపోయారు.

వెళ్లే ముందు ఏం చెయ్యాలో అంతా చెప్పారు. పైడిరాజు పెద్ద చేపల్ని బకెట్లోకి మార్చాడు. ఆదివారానికి గుడ్లు పగిలాయి. మరుసటి బుధవారం మాస్టారు వచ్చి కుర్చీలో కాకుండా నా పక్కన స్టూలు మీద కూర్చున్నారు.

“ఎన్నున్నాయి?”

పైడిరాజు నాకు ముక్కు ఆనించి లెక్కపెట్టాడు. కనురెప్ప వెంట్రుకంతేసి పిల్లలు, ఇసకలో ఇసకలా ఉంటాయి, కదిలితే తప్ప కనబడవు.

“తొమ్మిదండి.”

“ఇంకోసారి చూడు.”

“పదకొండండి.”

“ఇంకోసారి.”

మూడోసారికి పైడిరాజు కళ్ల నిండా నీళ్లు, వాడికీ ఏమీ కనబడటం లేదు. “పదమూడు మాస్టారూ” అన్నాడు.

“చాలు, పెరుగుతున్నాయి” అని మాస్టారు నవ్వారు.

ఉన్నవి పన్నెండు. నాకు నోరంటూ ఉంటే, ఆయనకి ఇప్పుడు ఈ పన్నెండు సంగతి కాదు, ఆయన చూపున్నప్పటి నలభై రెండు బుధవారాల్లో మొట్టమొదటి బుధవారం నాడే గుడ్ల సంగతి చెప్పేదాన్ని.