వెళ్ళని మెయిళ్ళు

జగన్నాథరావుగారు ఫిజిక్స్ చెబుతుంటే పక్క గదిలో లెక్కలు చెప్పే ఆయన లేచి తలుపు వేసుకునేవారు. అంత గొంతు. భీమవరంలోని ఆ ఇంజనీరింగ్ కాలేజీలో తొమ్మిదేళ్ళపాటు మొదటి సంవత్సరం పిల్లలకి పాఠం చెప్పారు గానీ, ఏనాడూ మైకు ముట్టుకోలేదు.

ఆ గొంతు రెండువేల ఆరు వేసవిలో బొంగురుపోయింది. సుద్దపొడి వల్లేమో అనుకున్నారు. విశాఖపట్నంలో పరీక్షలన్నీ చేసి, స్వరపేటిక తీసేస్తే తప్ప మనిషి దక్కడన్నారు. తీసేశారు. మనిషి దక్కాడు. మెడ మీద ఊపిరికోసం పెట్టిన రంధ్రం, దాని మీద పల్చటి తెల్లగుడ్డ, చొక్కా జేబులో చిన్న నోటుబుక్కు, పెన్ను. అప్పటినుంచీ ఆయన సామగ్రి అంతే.

కాలేజీవాళ్ళు పొమ్మనలేదు. సెప్టెంబరులో ప్రిన్సిపాల్‌గారు పిలిచి, "సార్, మీరింక క్లాసుకి వెళ్ళక్కర్లేదండి. ఆన్‌లైన్‌లో పాఠాలు పెట్టడానికి కొత్తగా సైటొకటి చేయించాం. మీరు రాసి అందులో పెట్టేయండి. పిల్లలు ల్యాబులోనో, నెట్ సెంటర్లోనో చూసుకుంటారు. సందేహాలుంటే అందులోనే అడుగుతారు," అన్నారు. లైబ్రరీ వెనక, పాత పేపర్లు పెట్టే గది ఖాళీ చేయించి, కంప్యూటరు, కుర్చీ వేయించారు.

జగన్నాథరావుగారు ఆ పనిని మనసుపెట్టి చేశారు. ఇంగ్లీషు పాఠం కింద తెలుగులో కూడా వివరించేవారు. రొయ్యల చెరువులో తిరిగే చక్రాలతో కోణీయవేగం చెప్పారు. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మకట్టే నీళ్ళతో గుప్తోష్ణం చెప్పారు. ప్రతి పాఠం చివరా ఒక ప్రశ్న వేసి, 'మీ సమాధానం కింద రాయండి' అని పెట్టేవారు. మర్నాడు పొద్దున్నే వచ్చి కింద చూసేవారు. ఏమీ ఉండేది కాదు.

అక్టోబరు అలాగే గడిచింది. నవంబరూ గడిచింది. తరగతిలో ఎవరెవరున్నారో చూపించే పేజీలో రెండే పేర్లుండేవి. ఒకటి ఆయనది, రెండోది 'అడ్మిన్' అనే ఎవరో మనిషిది. ఆ అడ్మిన్ అప్పటికే ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడని ఆయనకి తరవాత తెలిసింది.

ఎవరినైనా అడగవచ్చు. కానీ అడగాలంటే నోటుబుక్కు తీయాలి, రాయాలి, ఎదుటి మనిషి చదివేదాకా ఆగాలి. ఆ ఆగడంలో ఎదుటివాళ్ళ కళ్ళు గడియారంకేసి వెళ్ళడం ఆయన చూశారు. రాయబోతుండగానే "అర్థమైందండి, అర్థమైంది" అనేసేవాళ్ళని చూశారు. అందుకని పిల్లలకి ఈ పాఠాలు అక్కర్లేదని తనకి తానే చెప్పుకున్నారు. ఈ ఏటి పిల్లలు ఆయన గొంతు విననేలేదు. వాళ్ళకి తను లైబ్రరీ వెనక కూర్చునే, మెడకి గుడ్డ కట్టుకున్న సారు, అంతే. అయినా రాయడం మానలేదు. ఫిబ్రవరి నాటికి ముప్ఫయ్యొక్క పాఠాలయ్యాయి.

ఫిబ్రవరి రెండోవారంలో జిరాక్సు కొట్టు దగ్గర నిలబడి ఉంటే ఒకమ్మాయి దగ్గరికొచ్చింది. బెదురుగా నమస్కారం పెట్టింది.

"సార్, నా పేరు సాయిదుర్గండి. ఫస్టియర్, బి సెక్షన్. ఒక మాట అడగొచ్చాండి?"

ఆయన తలూపారు.

"మమ్మల్ని సైట్లో ఎందుకు చేర్చుకోవట్లేదు సార్? నేను మూడుసార్లు పేరు నమోదు చేసుకున్నాను. మీకో మెయిలు వస్తుంది, అందులో లింకు నొక్కితే లోపలికి రావచ్చు అని చూపించింది. ఆ మెయిలు రానేలేదండి. మా క్లాసులో చాలామందికి ఇంతే. మీరు ఒప్పుకుంటేనే వస్తుందని సీనియర్లు చెప్పారు. ఇంటర్ మార్కులు చూసి, బాగా చదివేవాళ్ళనే తీసుకుంటున్నారేమో అనుకున్నాం."

జగన్నాథరావుగారు నోటుబుక్కు తీశారు. 'నేను ఎవరినీ ఆపలేదమ్మా. నాకు తెలియదు' అని రాసి చూపించారు. ఆ పిల్ల దాన్ని నిదానంగా చదివింది. "అయ్యో, సార్," అంది. కాగితాలు తీసుకోవడం కూడా మరిచి ఆయన తిన్నగా కంప్యూటర్ ల్యాబుకి నడిచారు.

ల్యాబులో సర్వర్లు చూసే ఉద్యోగానికి జనవరిలోనే ఒకమ్మాయి చేరింది. లోవలక్ష్మి అని, ఉప్పాడ నుంచి వచ్చింది. వాళ్ళ నాన్నది చేపల వేట. ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి తనే. జగన్నాథరావుగారు రాసిచ్చిన కాగితం పూర్తిగా చదివి, కుర్చీ లాగి వేసింది. ఆయన చేతులు ఊపుతూ ఏదో చెప్పబోతుంటే, "రాయండి సార్, ఫర్వాలేదు. నాకేం తొందర లేదండి," అంది. అందరిలా గట్టిగా అరవలేదు, సైగలూ చేయలేదు. మామూలుగా మాట్లాడింది. ఆ మామూలుతనానికి ఆయన ఒక్క క్షణం పెన్ను ఆపేశారు.

ఆమె సైటు లోపలి పేజీలు ఒక్కొక్కటీ తెరిచి, ఒకచోట ఆగిపోయింది.

"ఇదిగోండి. సైటు బయటికి మెయిలు పంపాలంటే ఏ మెయిల్ సర్వర్ ద్వారా పంపాలో ఇక్కడ రాయాలి. ఇది ఖాళీగా ఉంది. పెట్టినవాళ్ళు పాఠాల వరకూ చూసుకుని వెళ్ళిపోయినట్టున్నారు. అంటే ఈ సైటు నుంచి ఇవాళ్టి వరకూ ఒక్క మెయిలూ బయటికి వెళ్ళలేదండి." తరవాత ఇంకో పేజీ తెరిచి, తెరని ఆయనవైపు తిప్పింది. "వీళ్ళంతా మెయిలు కోసం ఆగిపోయినవాళ్ళు."

పేర్లు. తెర నిండా పేర్లు. ఆమె కిందికి జరుపుతూనే ఉంది. నూట నలభై ముగ్గురు. కొందరు రెండేసిసార్లు, మూడేసిసార్లు ప్రయత్నించారు. కె. ప్రసన్నకుమార్ అనే అబ్బాయి ఐదుసార్లు నమోదు చేసుకున్నాడు. మొదటిది అక్టోబరు తొమ్మిదిన, చివరిది డిసెంబరు ఇరవైన.

జగన్నాథరావుగారు వేలితో ఆ పేరు దగ్గర తెరని తాకి, చేయి వెనక్కి తీసుకున్నారు.

"నేను ఇక్కడినుంచే వీళ్ళందర్నీ లోపలికి తీసేసుకోవచ్చండి," అంది లోవలక్ష్మి. "కానీ ఆ సంగతి వాళ్ళకి ఎలా తెలుస్తుంది? రేపు మీరు జవాబు రాసినా దాని కబురు వెళ్ళదు. ముందు మెయిలే సరిచేయాలి."

ఆమె కాలేజీ మెయిల్ సర్వర్ పేరు రాసింది, యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఇచ్చింది, తన అడ్రసుకే పరీక్షగా ఒక మెయిలు పంపింది. సర్వర్ అందడం లేదని ఎర్రక్షరాలతో వచ్చింది. మళ్ళీ పంపింది, మళ్ళీ అదే. నెట్ ఇచ్చే కంపెనీకి ఫోన్ చేసి అరగంట మాట్లాడింది. ఫోన్ పెట్టేసి, "మెయిళ్ళు వెళ్ళే మామూలు దారిని వాళ్ళు మూసేశారటండి, చెత్త మెయిళ్ళు పోతున్నాయని. ఇంకో దారి ఉంది, అది తెరవమన్నాను. రేపు పొద్దున్న తెరుస్తామన్నారు," అంది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళాక భార్య శ్యామలాంబగారు కాఫీ గ్లాసు తెచ్చిపెట్టి, చేత్తో నోటివైపు చూపించి, తాగమని సైగ చేశారు. ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ ఆమె ఇంట్లో దాదాపు మాట్లాడటం మానేశారు. ఆయనకి చెవులు బాగానే ఉన్నాయి. అయినా ఎందుకో ఆమె కూడా చేతులతోనే మాట్లాడసాగారు. ఆ ఇంట్లో కుక్కర్ కూత తప్ప పెద్ద చప్పుడు విని తొమ్మిది నెలలైంది.

జగన్నాథరావుగారు నోటుబుక్కు తీసి, 'నువ్వెందుకు మాట్లాడవు?' అని రాశారు.

ఆమె చదివారు. "మీ ముందు నేను గలగలా మాట్లాడితే మీకు కష్టంగా ఉంటుందేమోనని," అన్నారు. వాడక లేక ఆ గొంతు కొద్దిగా జీరపోయి ఉంది.

'ఉండదు. మాట్లాడు,' అని రాశారాయన.

"ఏం మాట్లాడను?" అన్నారామె. పాలవాడు రెండు రోజులుగా ఆలస్యంగా వస్తున్నాడని చెప్పారు. తొమ్మిది నెలల మౌనం ఒక్క సాయంత్రానికి విడిపోలేదు. ఆమె గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు పది గంటలకి దారి తెరుచుకుంది. లోవలక్ష్మి పోర్టు సంఖ్య, అంటే ఆ దారి నంబరు, మార్చి పరీక్ష మెయిలు పంపింది. ఇద్దరూ ఆమె ఇన్‌బాక్సు వంకే చూస్తూ కూర్చున్నారు. నిమిషంలోపే వచ్చింది.

"వచ్చేసిందండి!" అందామె. ఆయన పెదాలు కదిలాయి. ఊపిరి మాత్రం మెడ దగ్గర్నుంచి బయటికి వచ్చింది.

"ఒక్కటే మిగిలింది సార్. ఈ మెయిళ్ళు ఎవరి పేరున వెళ్ళాలి? మామూలుగా అయితే 'దీనికి జవాబివ్వకండి' అనే అడ్రసు పెడతారు. ఎవరైనా తిరిగి రాసినా ఎవరికీ చేరదు."

జగన్నాథరావుగారు గబగబా రాశారు: 'వద్దు. నా అడ్రసు పెట్టు. జవాబులు నాకు రావాలి.'

"పనికిరానివి కూడా మీకే వస్తాయండి మరి."

'రానీ.'

ఆగిపోయిన మెయిళ్ళన్నీ వరసగా వెళ్ళడానికి ఆమె చిన్న ప్రోగ్రాము రాసి నడిపింది. మధ్యాహ్నం ఆయన తన గదికి వెళ్ళి మెయిలు తెరిచేసరికి నలభై ఆరు కొత్తవి ఉన్నాయి. అన్ని ఒక్కసారి చూడటం ఆయనకి అదే మొదలు. గబగబా మొదటిది తెరిచారు. అందలేదని తిరిగొచ్చిన మెయిలు. రెండోదీ అంతే. నలభై ఆరూ అంతే. ఏవో నెట్ సెంటర్లలో తెరిచి, మళ్ళీ చూడక మూతపడ్డ అడ్రసులు. కొన్నిటిలో అక్షరం తప్పు. ప్రసన్నకుమార్‌ది కూడా తిరిగొచ్చింది.

"అవి యంత్రం పంపేవి సార్, తీసేయండి," అంది లోవలక్ష్మి, ఆయన లైబ్రరీ అటెండరు చేత ఫోను చేయించి అడిగిస్తే. ఆయన తీసేయలేదు. ఒక్కొక్కటీ తెరిచి, పేరు చూసి కాగితం మీద రాసుకున్నారు. రాయడం పూర్తయ్యాక ఆ కాగితం పట్టుకుని లేచి, మొదటి సంవత్సరం బ్లాకువైపు నడిచారు. ఆపరేషన్ తరవాత ఆయన ఆ మెట్లెక్కడం అదే మొదటిసారి.

బి సెక్షన్‌లో అప్పుడే ఒక క్లాసు అయి, ఇంకోటి మొదలవబోతోంది. ఆయన లోపలికి వెళ్ళగానే గోల ఆగిపోయింది. డెబ్భై మంది ఆయన మెడ మీది గుడ్డనే చూశారు. ఒక్క క్షణం వెనక్కి తిరిగి వెళ్ళిపోదామనిపించింది. సుద్దముక్క తీసుకుని బోర్డు మీద రాశారు:

'మెయిలు పనిచేయక మీరంతా బయటే ఉండిపోయారు. నేను లోపల ఒక్కణ్ణే ఉన్నాను. తప్పు మీది కాదు. ఈ కింది పేర్లవాళ్ళు సరైన అడ్రసు ఇవ్వండి.'

తరవాత తన కాగితంలోని ఆ సెక్షన్ పేర్లు రాయసాగారు. ఒక్కొక్క పేరుకీ ఒకరు లేచి వచ్చి అడ్రసు చెప్పారు. కె. ప్రసన్నకుమార్ అని రాసినప్పుడు ఎవరూ లేవలేదు.

సాయిదుర్గ లేచింది. "వాడు జనవరిలో మానేశాడు సార్. మొదటి మిడ్ పరీక్షలో ఫిజిక్స్ పోయిందండి. వాడికి తెలుగు మీడియం, ఇక్కడ ఇంగ్లీషులో అందలేదు. మీ పాఠాల్లో తెలుగులో కూడా ఉంటుందంట అని ఎదురుచూశాడు. ఇప్పుడు రావులపాలెం అరటి మార్కెట్లో వాళ్ళ మామయ్య దగ్గర ఉంటున్నాడంటండి."

జగన్నాథరావుగారి చేతిలోనే డస్టరు ఉంది, ఆ పేరు మాత్రం తుడవలేదు. జాబితాలో తరవాతి పేరు రాశారు.

ఆ వారంలో తొంభై మందికి పైగా సైటులోకి వచ్చారు. రెండో మిడ్ దగ్గర పడటంతో ప్రశ్నలు వచ్చిపడ్డాయి. రోజుకి నాలుగు, ఆరు, ఒకరోజు పదకొండు. ఆయన ఒక్కదాన్నీ వదలలేదు. జవాబు రాయగానే దాని కబురు మెయిలుగా వెళ్ళిందో లేదో మొదట్లో లోవలక్ష్మికి ఫోను చేయించి కనుక్కునేవారు. తరవాత ఆమే చూసుకోవడం నేర్పింది.

ప్రసన్నకుమార్ ఇంటి అడ్రసు ఆఫీసులో సంపాదించి ఉత్తరం రాశారు. జరిగిందేమిటో చెప్పి, మళ్ళీ జూన్‌లో చేరవచ్చనీ, పాఠాలన్నీ తెలుగులో అచ్చు వేసి పంపుతాననీ రాశారు. జవాబు రాలేదు. మార్చి చివర్లో ఇంకో ఉత్తరం రాశారు. దానికీ రాలేదు.

ఏప్రిల్‌లో లోవలక్ష్మి ఆయన గదికి వచ్చింది. "సార్, ఇంకా లోపలికి రానివాళ్ళ పేర్లు తీసేస్తున్నానండి. లేకపోతే లిస్టు పెరిగిపోతుంది. ఒకేలాంటివి ఐదు ఉన్నాయి, ఈ ప్రసన్నకుమార్‌వి. తీసేయనా?"

జగన్నాథరావుగారు నోటుబుక్కు తీసి రాశారు: 'నాలుగు తీసేయ్. ఒకటి ఉంచు.'

ఆమె చదివి ల్యాబుకి వెళ్ళిపోయింది. ఆయన తెరవైపు తిరిగి, ఆ పూట వచ్చిన ప్రశ్న మరోసారి చదివి, జవాబు టైపు చేయడం మొదలుపెట్టారు.