తలుపు నంబరు లేని ఓటర్లు

"మీ ఓటు పోస్టులో వచ్చేసిందమ్మా. పక్కకి జరగండి."

కిందటి పార్లమెంటు ఎన్నికల రోజు పోలింగు గదిలో బల్ల వెనక కూర్చున్న గుమస్తా పెద్దక్కతో అన్న మాట ఇది. నేను ఆమె వెనకే నిలబడి ఉన్నాను. ఆమె ఇరవై రెండేళ్లుగా లాండ్రీలో ఉతుకుడు డ్రమ్ముల దగ్గర పనిచేస్తున్న మనిషి. రెండు గంటలు సెలవడిగితే ఇవ్వలేదని భోజనం గంటలో తిండి మానేసి, ఎండలో నడిచి వచ్చింది. తాను ఏ పోస్టులోనూ ఏమీ వేయలేదని చెప్పింది. గుమస్తా జాబితా ఇటు తిప్పి చూపించాడు. ఆమె పేరు పక్కన ఎర్రసిరా గీత ఉంది. నా పేరు పక్కనా ఉంది. మాతో వచ్చిన ఆరుగురి పేర్ల పక్కనా ఉంది.

తిరిగొచ్చి ఆఫీసులో అడిగాం. పోలింగు రోజు షిఫ్టు ఉంటుంది కాబట్టి పోస్టులో ఓటేస్తామని మేమే దరఖాస్తు పెట్టుకున్నామట. మేనేజరు సంతకాలు చూపించాడు. అవి మా సంతకాలే. సబ్బులు, చేతితొడుగులు అందాయని రాసిచ్చే కాగితాల మధ్య పెట్టి చేయించుకున్నవి. ఓటు కాగితాలు కంపెనీ చిరునామాకే వచ్చాయి, కంపెనీయే నింపి పంపింది. మీకు శ్రమ తప్పించాం కదా అని నవ్వాడు. ఆ ఎన్నికలో గెలిచినవాడు మా యజమాని బావమరిది.

ఆ పూటంతా పెద్దక్క డ్రమ్ము తలుపు తీసి తడి దుప్పట్లు లాగి బండిలో పడేస్తూ ఉండిపోయింది.

మాది ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల పక్కగుడ్డలు ఉతికే పెద్ద లాండ్రీ. డ్రమ్ముల్లో ఉతికినవి ఆవిరితో కాలే ఇస్త్రీ రోలర్ల మీదుగా మడతబల్లల దగ్గరికి వస్తాయి. నా పని మడతబల్ల దగ్గర. వెనక ప్రహరీని ఆనుకుని రెండు వరసల రేకుల ఇళ్లున్నాయి. వాటిని క్వార్టర్స్ అంటారు. మేమంతా అక్కడే ఉంటాం. నా పిల్లలిద్దరూ అక్కడే నడక నేర్చారు.

ఐదేళ్ల తర్వాత మళ్లీ పార్లమెంటు ఎన్నికలొచ్చాయి. కొత్త జాబితాలో మా పేర్లు ఒక్కటీ లేవు. కిందటిసారి కంపెనీ మమ్మల్ని ఊళ్లో ఉన్న తన ఆఫీసు చిరునామాతో రాయించింది. రెండు గదుల ఆఫీసులో ఇంతమంది ఎలా ఉంటారని ఎవరో అడిగేసరికి మూకుమ్మడిగా కొట్టేశారు. కొట్టేసినట్టు మాకెవరూ చెప్పలేదు.

చెప్పింది లాయరు. బాయిలర్ మావయ్య కూతురు. కాలేజీలో చదువుతోంది, ఆ ఏడే పద్దెనిమిది నిండాయి. చిన్నప్పట్నుంచీ ఏ మాటకైనా "ఎవరు పెట్టారు ఆ రూలు?" అని అడుగుతుందని మేం పెట్టిన పేరది. తన పేరు రాయించుకోడానికి వెళ్లి, అందరి సంగతీ తెలుసుకుని వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం బట్టలారేసే దండేల మధ్య అందర్నీ కూర్చోబెట్టి, నోటుపుస్తకంలో ఎత్తి రాసుకున్నది చదివింది.

పద్దెనిమిదేళ్లు నిండి, ఈ దేశపు మనిషై, ఒకచోట ఆరునెలలకి పైగా ఉంటున్న ఎవరికైనా అక్కడ ఓటుంటుంది. ఆ ఇల్లు సొంతమా, అద్దెదా, రేకులదా అని చట్టం అడగదు. ఎవరి ఓటు వాళ్లే పోలింగు గదికి వెళ్లి వేయొచ్చు. చూపు ఆననివాళ్లు తమకి నమ్మకమున్న మనిషిని తోడు తీసుకెళ్లొచ్చు. జబ్బుపడ్డవాళ్లు, పనిమీద దూరంగా ఉన్నవాళ్లు పోస్టులో పంపొచ్చు. కానీ దరఖాస్తు తామే పెట్టుకోవాలి, కాగితం తమ చేతికే రావాలి, ఎవరికి వేశారో ఇంకో కన్ను చూడకూడదు. ఆ చివరి మాటకి ఆడవాళ్లందరూ నవ్వారు. అది సంతోషం నవ్వు కాదు.

బాయిలర్ మావయ్య మాత్రం కూతురి మీద చిరాకుపడ్డాడు. ఇరవై తొమ్మిదేళ్లుగా పొయ్యిలో బొగ్గు వేస్తున్నవాడు. ఎవడు గెలిచినా బొగ్గు వేసేది తనేనని, ఓ కాగితం ముక్క కోసం ఉన్న పని ఊడగొట్టుకోమంటావా అని అడిగాడు. చాలామంది తలలూపారు. రోలరు దగ్గర కాలిన చేతులకి మందు లేదు, ముందు అది అడుగుదాం అన్నారు కొందరు. ఎవరి మాటా తప్పని అనిపించలేదు నాకు. అదే బాధగా ఉంది.

పెద్దక్క లేచి నిలబడింది.

"అంత పనికిరానిదైతే, నా దగ్గర్నుంచి ఎందుకెత్తుకెళ్లారన్నా?"

ఆ సాయంత్రానికి నూట అరవైమూడు దరఖాస్తులు నిండాయి. మావయ్య కూడా సంతకం చేశాడు, కూతురు ఊరుకోదని.

ఓటర్ల నమోదు ఆఫీసుకి మూడుసార్లు తిరిగాం. మొదటిసారి ఫోటోలు సరిగ్గా లేవన్నారు. రెండోసారి అధికారి ఊళ్లో లేడు. మూడోసారి ఉన్నాడు. మంచిగానే మాట్లాడాడు. ఆ క్వార్టర్స్‌కి తలుపు నంబర్లు లేవట. నంబరు లేని ఇంట్లో మనిషి ఉన్నట్టు రాయడానికి తన పుస్తకంలో గడి లేదట. మీరక్కడ ఉంటున్నారని కంపెనీ ఒక్క ముక్క రాసిస్తే చాలు, మరునాడే పేర్లెక్కిస్తానన్నాడు.

ఆ ఒక్క ముక్క కోసం మేనేజరు దగ్గరికి వెళ్లాం. ఆయన ఆ రోజు నవ్వలేదు.

"మీరిక్కడ ఉంటున్నారని నేను రాసిస్తే, రేపు ఖాళీ చేయించాలంటే ఎలా?"

ఆ నోటి వెంట నిజం రావడం నేను విన్నది అదొక్కసారే. క్వార్టర్స్ పడగొట్టి గోదాము కట్టబోతున్నారు. మేం అక్కడ ఉన్నట్టు ఏ కాగితం మీదా ఉండకూడదు. ఉంటే నోటీసివ్వాలి, గడువివ్వాలి, వేరేచోటు చూపించాలి. అప్పటిదాకా ఓటన్నది ఐదేళ్లకోసారి వచ్చే గొడవ అనుకున్నవాళ్లకి కూడా ఆ రోజు అర్థమైంది. మా ఓటు, మా గుమ్మం ఒకటే.

మర్నాడు ఎర్ర రంగు డబ్బా తెచ్చి మేమే తలుపులకి నంబర్లేశాం. కంపెనీ మనుషులొచ్చి సున్నం కొట్టారు. మళ్లీ వేశాం. మళ్లీ కొట్టారు. మూడోసారి మేకులు తీసుకుని రేకు మీదే లోతుగా గీశాం. సున్నం వేసినా వేలు పెడితే తెలుస్తుంది. మా ఇల్లు పదకొండు. నంబర్లు చూపించి ఫోటోలతో సహా మళ్లీ దరఖాస్తులిచ్చాం.

వారం తిరక్కుండా అందరికీ కవర్లొచ్చాయి. మా దరఖాస్తుల మీద కంపెనీ అభ్యంతరం పెట్టింది. విచారణకి ఫలానా బుధవారం పది గంటలకి ఎవరికి వాళ్లే హాజరు కావాలి, రానివాళ్ల దరఖాస్తు కొట్టేస్తారు. బుధవారం పనిలో ఉన్న మా అందరికీ షిఫ్టు. నలుగురికి మించి సెలవు లేదని మేనేజరు గోడమీద కాగితం అంటించాడు.

కవర్లొచ్చిన రోజు మధ్యాహ్నం బాయిలరు గదిలో మావయ్య కవరు చింపాడు. ఆయనకి చత్వారం. కూతురు చదివి వినిపించింది. "సదరు వ్యక్తి ఈ చిరునామాలో నివసించడం లేదు. ఈ చిరునామాతో అతనికి ఏ సంబంధమూ లేదు." మళ్లీ చదవమన్నాడు. చదివింది. బొగ్గుపార తీసి గోడకి ఆనించాడు. ఆయన భార్య ఆ క్వార్టర్స్‌లోనే జబ్బుపడి పోయింది. శవాన్ని బయటికి తీసుకెళ్లడానికి గేటు తెరిచింది ఈ మేనేజరే.

"ఏ సంబంధమూ లేదంట" అన్నాడు మెల్లగా.

బుధవారం తెల్లారి ఆయన బాయిలరు దగ్గరికి రోజూలాగే వెళ్లాడు. బొగ్గు వేయలేదు. మంటని చల్లారనిచ్చి, ఆవిరిని పద్ధతిగా బయటికి వదిలి, మీటరు ముల్లు సున్నాకి దిగేదాకా పక్కనే కూర్చుని, రోజూ బాయిలరు లెక్కలు రాసే లాగుబుక్కులో టైము రాసి బయటికొచ్చాడు. డ్రమ్ముల్లో నీళ్లు చల్లబడ్డాయి. రోలర్లు ఆగిపోయాయి. ఆగిన రోలర్ల ముందు సెలవెవరు అడుగుతారు? నూట అరవైమూడు మందిమీ గేటు దాటాం. మేనేజరు అడ్డం నిలబడి పేర్లు రాసుకుంటున్నానన్నాడు. మా పేర్లు రాయమనే కదా తిరుగుతున్నాం అని ఎవరో వెనకనుంచి అన్నారు.

నమోదు ఆఫీసు మెట్లు, వసారా, బయట కాలిబాట మాతో నిండిపోయాయి. అధికారి ఒక్కొక్కరినీ పిలిచి, అక్కడ ఉంటున్నట్టు రుజువేదని అడిగాడు. మొదట పెద్దక్కని.

"కాగితం ఇవ్వాల్సినవాడే మేం లేమని రాశాడు సార్. ఆయన్నే అడిగి తెమ్మంటారా?" అందామె. తర్వాత నన్ను ముందుకి లాగింది. "ఈమెకి నేను సాక్షి. నాకు ఈమె. పద్నాలుగేళ్లుగా ఒకే కుళాయి దగ్గర కొట్టుకుంటున్నాం."

అధికారికి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. సాక్ష్యం రాసుకున్నాడు. ఆ తర్వాత నాకు పక్కింటామె, ఆమెకి ఎదురింటాయన, ఆయనకి మావయ్య, అలా ఒకరికొకరం సాక్షులమై సాయంత్రం దాకా చెప్పాం. ఎవరి పిల్ల ఏ ఇంట్లో పుట్టిందో, ఏ ఏడు వానకి ఎవరి రేకు లేచిపోయిందో అన్నీ ఆయన పుస్తకంలోకి ఎక్కాయి. గెలిచామనుకుంటూ ఇంటికొచ్చాం.

జాబితా వచ్చింది. అందులో మావి డెబ్భై ఒక్క పేర్లు. మిగతా తొంభైరెండింటి ఎదురుగా ఒకటే వాక్యం: "సమయాభావం వల్ల విచారణ పూర్తికాలేదు." లాయరు పేరు ఉంది. మావయ్యది లేదు, పెద్దక్కది లేదు, నాది లేదు. నేను ఆ గోడ దగ్గర నిలబడి మూడుసార్లు వెతుక్కున్నాను, కళ్లు పొరబడ్డాయేమోనని. కోపం కూడా రాలేదు.

పోలింగుకి ముందురోజు పోలీసులొచ్చి మావయ్యని తీసుకెళ్లారు. బాయిలరుకి హాని చేసి ప్రాణాలకి ముప్పు తెచ్చాడని కంపెనీ ఫిర్యాదు. లాగుబుక్కు చూడమని ఆయన అడిగాడు. అది కనపడటం లేదన్నారు.

ఆ సాయంత్రం దండేల దగ్గర పెద్ద వాదన జరిగింది. తొంభైరెండుమందికి లేని ఓటు మాకూ వద్దు, అందరం మానేద్దామన్నారు జాబితాలో ఉన్నవాళ్లు కొందరు. లాయరు కళ్లు ఎర్రబడి ఉన్నాయి. నాన్న లోపల కూర్చుని ఉంటే నేనెళ్లి వేలికి సిరా పూసుకోనా అంది. పెద్దక్క ఒప్పుకోలేదు.

"మీ నాన్న మంట ఆర్పి తెచ్చిన ఓటమ్మా అది. వెయ్యి. మేం కూడా వస్తాం. మా పేర్లు లేవని మా మొహం మీద చెప్పమను. చెప్పింది రాసిమ్మను."

పోలింగు రోజు అందరం కలిసే వెళ్లాం. డెబ్భై ఒక్కమందీ ముందు లోపలికెళ్లి ఓటేశారు. మా క్వార్టర్స్‌లో పెద్ద దండేల పక్కింట్లో ఉండే ముసలాయనకి చూపు లేదు. మనవరాల్ని తోడు తీసుకెళ్లి వేశాడు. బయటికొచ్చినవాళ్లు ఇళ్లకి పోకుండా గేటు అవతల గోడ వెంట నిలబడ్డారు. తర్వాత, లోపలున్న మావయ్య కాక మిగిలిన మేం తొంభై ఒక్కమందిమి వరసలోకొచ్చాం.

మొదట పెద్దక్క. పేరు లేదన్నారు. ఓటు వేయనివ్వడం లేదని రాసిమ్మంది. అలాంటి పద్ధతి లేదన్నాడు పోలింగు అధికారి. సరే, పద్ధతి లేదని రాసిమ్మంది. పోలీసు ఇన్‌స్పెక్టరు వచ్చి, జాబితాలో లేనివాళ్లు పొమ్మన్నాడు. గేటు అవతల్నుంచి లాయరు రూలు చదివింది: అడిగినవాళ్లకి నిరాకరణ రాసివ్వాలి. గడువు ముగిసే వేళకి వరసలో ఉన్న ప్రతి మనిషికీ జవాబు చెప్పాకే గది మూయాలి. ఇన్‌స్పెక్టరు అధికారి వైపు చూశాడు. అధికారి పుస్తకం తిరగేశాడు. చాలాసేపు తిరగేశాడు. చివరికి పెన్ను తీశాడు.

ఆరు గంటలకి గేటు మూసేటప్పటికి వరసలో ఇంకా అరవైమంది ఉన్నారు. ఆయన చెయ్యి నొప్పెట్టి విదిలించుకుంటూ, విసుక్కుంటూ, మా అందరికీ రాశాడు. మేం చెప్పిన తలుపు నంబరు మాత్రం మారుస్తూ, తొందరలో అందరికీ ఒకే మాట రాసి ముద్ర కొట్టాడు. నా కాగితం బయట దీపం కింద లాయరు చేతికిచ్చాను. చదివి, ఆగి, మళ్లీ చదివింది.

"కంపెనీ క్వార్టర్స్, తలుపు నంబరు పదకొండులో నివాసముంటున్న ఈమె పేరు జాబితాలో లేనందున ఓటు వేయనివ్వలేదు."

నివాసముంటున్న. ప్రభుత్వ ముద్రతో. తొంభై ఒక్క కాగితాల మీద.

లెక్కింపులో మళ్లీ బావమరిదే గెలిచాడు. ఆ సంగతి మాకు ముందే తెలుసు. లెక్కింపు రోజు పొద్దున మావయ్య ఇంకా లోపలే ఉన్నాడు, గోదాముకి కొలతలు తీసేవాళ్లు క్వార్టర్స్ చుట్టూ సున్నం గీతలు గీస్తున్నారు. మేం ఆ గీతలు దాటుకుని నమోదు ఆఫీసుకి వెళ్లాం. ఓటేసిన డెబ్భై ఒక్కమందీ కూడా వచ్చారు. పెద్దక్క తన కాగితం అధికారి బల్లమీద పెట్టింది. ఆయన తన శాఖ ముద్రనే అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇది రుజువుగా చెల్లదన్నాడు.

పెద్దక్క ఆయన ఎదుటి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"అది కూడా రాసివ్వండి సార్" అంది. "ఆ తర్వాత పోలీస్‌స్టేషన్‌కి వెళ్లాలి మేం. లాగుబుక్కు కనపడటం లేదని అక్కడా రాయించుకోవాల్సి ఉంది."

ఆమె వెనక నేను, నా వెనక మా పక్కింటామె, ఆమె వెనక మిగతా అందరం మెట్లు దిగి రోడ్డు మీదికి వరస కట్టి ఉన్నాం. అధికారి తలెత్తి కిటికీలోంచి ఆ వరస ఎక్కడిదాకా ఉందో చూశాడు. తర్వాత సొరుగు లాగి కాగితాలు తీశాడు.