వెనక గేటు

గడియారాలు బాగుచేసే పెద్దాయనకు కోపం ముక్కు మీదే ఉండేది. వీధి గదిలో కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని వెంట్రుకంత స్ప్రింగులు అమర్చేటప్పుడు ఈగ వాలినా సహించేవాడు కాదు. అలాంటిది, పొద్దున్నే రైలందుకునే జనం ఆ కిటికీ కింద నుంచే టకటకా స్టేషన్ వెనక గేటుకు పరుగులు తీసేవారు. ఆయన ఊరుకుంటాడా? ఏడాదిలో స్టేషన్‌కు పదకొండు ఉత్తరాలు రాసి ఆ గేటుకు తాళం వేయించాడు. ఆరేళ్లుగా జనం చుట్టూ తిరిగి ముందు గేటు నుంచి పోతూ ఆయన్ను తిట్టుకుంటున్నారు.

ఆయన కూతురు నగరంలో నర్సు. భర్తతో, మూడేళ్ల పిల్లతో తండ్రి ఊరు కూడా దాటి, రైలు మార్గం చిట్టచివర ఇరుకు గదుల్లో ఉంటోంది. రానూపోనూ నాలుగు గంటలు రైల్లోనే. ఇంటికి చేరేసరికి పిల్ల నిద్రపోయి ఉంటుంది.

"నా కూతురు నన్ను ఆదివారం మనిషి అనుకుంటోంది నాన్నా" అని ఒకసారి నవ్వుతూనే అంది.

ఆ మాట ఆయన గుండెలో గుచ్చుకుంది. ఇంటి మీద ఇంకో అంతస్తు వేసి వాళ్లను తెచ్చుకుందామంటే, ఆ శివారు పట్టణంలో ఒక్క అంతస్తుకు మించి కట్టనిచ్చేవారు కాదు.

అంతలో పైనుంచి కొత్త నిబంధన వచ్చింది. రైలు ఆగే ప్రతి పట్టణంలోనూ, స్టేషన్ గేటు నుంచి ఎనిమిది వందల మీటర్ల నడకలో ఉన్న ఇళ్లకు పై అంతస్తులకు అనుమతి ఇచ్చితీరాలట. పెద్దాయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

సర్వేయరు కొలత చక్రం దొర్లించుకుంటూ ముందు గేటు నుంచి వచ్చి గుమ్మంలో ఆగాడు. తొమ్మిది వందల నలభై.

"వెనక గేటు తెరిచుంటే మూడొందల చిల్లరే అయ్యేదండీ. ఎవరో మహానుభావుడు మూయించాడట" అన్నాడు పాపం, తెలియక.

పెద్దాయన భార్య నవ్వాపుకోలేక వంటింట్లోకి వెళ్లిపోయింది.

రెండు రోజులు పరువు అడ్డొచ్చింది. మూడో రోజు పన్నెండో ఉత్తరం పట్టుకుని స్టేషన్ మాస్టరు దగ్గరికి వెళ్లాడు. ఆ మాస్టరు సామాన్యుడు కాదు. పాత పదకొండూ ఫైల్లోంచి తీసి ముందు పరిచాడు. బూట్ల చప్పుడు మానవజాతికి పట్టిన శాపమని తన చేతిరాతే తనను వెక్కిరించింది. పెద్దాయన తల దించుకుని కూతురి సంగతి దాచకుండా చెప్పాడు. మాస్టరు నవ్వడం మానేశాడు. ఆ గేటు కోసం ప్రయాణికులు ఆరేళ్లుగా తన ప్రాణం తీస్తున్నారని, ఈ ఒక్క ఉత్తరం కోసమే తాను ఎదురుచూస్తున్నానని చెప్పి ఆ వారమే తాళం తీయించాడు.

మళ్లీ కొలిస్తే మూడు వందల ఇరవై. ఏడాది తిరక్కుండా పై అంతస్తు లేచింది, కూతురి సంసారం అందులో దిగింది. ఇప్పుడు పొద్దున ఆరింటికి కిటికీ కింద మునుపటికి రెట్టింపు చప్పుడు. అందులోనూ పెద్ద చప్పుడు కూతురి బూట్లదే. అది వినగానే ఆయన పని ఆపి మనవరాలిని కిటికీలోకి ఎత్తుతాడు. ఆ పిల్ల రెండు చేతులూ ఊపుతుంది. ఇంత సంతోషం ఆ బల్ల దగ్గర ఆయన ఎన్నడూ ఎరగడు.

ఒక సాయంత్రం ఆయన మళ్లీ కాగితం, పెన్ను తీయడం చూసి భార్య కంగారుగా దగ్గరికొచ్చింది.

"మళ్లీ ఎవరి మీదండీ?"

"ఆ వెనక గేటు ఎనిమిదింటికే మూసేస్తున్నారు. అమ్మాయి రైలేమో ఎనిమిదీ పదికి. చుట్టూ తిరిగొచ్చేలోపు పిల్ల నిద్రపోతోంది" అంటూ, తలెత్తకుండానే కాగితం మీద పదమూడు అని అంకె వేశాడు.