నోరీన్ చేతికి సరిపడే పిడి

కీత్ పాస్కో ఆకురాయి పక్కన పెట్టి, చెక్కపిడి మీది పొట్టు ఊది, ఎడమ అరచేతిలో పెట్టుకుని చూశాడు. అతని చేతిలో అది ఇమడలేదు. ఇమడకూడదు కూడా, అది నోరీన్ కోసం చేసింది. పోయిన ఏడాది పక్షవాతం వచ్చాక ఆమె ఎడమచేతి వేళ్లు సగమే ముడుచుకుంటున్నాయి. పాత హోల్డెన్ కారు గేరు రాడ్డు మీదున్న నున్నటి గుండు ఆమె పట్టులోంచి జారిపోతోంది. అందుకని కీత్ పుట్టీ ముద్దను భార్య చేతిలో పెట్టి నొక్కించి, ఆ వేళ్ల గుంటలన్నీ మాలీ అనే గట్టి చెట్టు వేరుచెక్కలో దింపాడు.

మధ్యాహ్నం ఆసుపత్రి తరఫున పరీక్షాధికారి ఒకావిడ వస్తుంది. పక్కన కూర్చుని నోరీన్ చేత కారు నడిపించి చూస్తుంది. గేర్లు సరిగ్గా వేయగలిగితే నోరీన్ మళ్లీ కారు నడపొచ్చు, లేకపోతే ఇక ఎప్పటికీ లేదు. పొద్దున కీత్ పోసుకున్న టీ బల్ల మీదే చల్లారిపోయింది.

నిజానికి నిన్నే అయిపోవలసిన పని. నిన్న చేసిన పిడి రెండు చుట్లు హాయిగా తిరిగి బిగుసుకుపోయింది. దాని లోపలి ఇత్తడి గొట్టంలో కీత్ కొత్త కార్లకు కోసే మిల్లీమీటరు మర కోశాడు. ఈ కారు రాడ్డుది అంగుళాల మర. ఇంకాస్త బలవంతం చేసి ఉంటే రాడ్డు కూడా పాడైపోయేది.

"ఏం పెద్దాయనా, పుట్టిందేమో అంగుళాల కాలంలో, కోసేదేమో మిల్లీమీటర్లా?" అన్నాడు కీత్ పనిచేసే వర్క్‌షాపు యజమాని ట్రెవర్, మాంసం కూరిన పాస్టీ రొట్టె నములుతూ. "ముసలితనం వచ్చేసిందయ్యా నీకు!"

"నోరు మూసుకుని తిను," అన్నాడు కీత్. నవ్వాడు గానీ ఆ నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది.

గోధుమ లారీల గేరుబాక్సులు విప్పి బిగించడంలోనే అతని జీవితమంతా గడిచింది. ఊరి ఫుట్‌బాల్ జట్టులో ఎప్పుడూ అదనపు ఆటగాడే, పెళ్లి ఫొటోలో కూడా ఒక పక్కకు జరిగి నిలబడ్డాడు. ఇన్నేళ్లలో మర మాత్రం ఒక్కసారీ తప్పు కోయలేదు. చెయ్యి పొరబడిందా, మనసే పొరబడమందా? ఆ ప్రశ్న రాత్రంతా అతన్ని నిద్రపోనివ్వలేదు.

అతనికి భయం. పక్షవాతం వచ్చిన రోజు నోరీన్ కారు రోడ్డు దిగి గోధుమ చేలో ఆగిపోయింది. ఆమె స్టీరింగు మీద వాలి ఉంది, ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంది. ఆమెను మొదట చూసింది కీతే. అప్పట్నుంచి ఆమెను ఎక్కడికైనా తీసుకెళ్లేది అతనే, వండిపెట్టేదీ అతనే. "నువ్వు ఉడకేసిన బంగాళదుంపలతో గోడలకు పూత వేయొచ్చు," అంటుంది ఆమె. అయినా ఆమె కళ్ల ముందు ఉంటే అతనికి ప్రాణం కుదుటపడుతుంది.

ఇంటికెళ్లి కొత్త పిడి ఎక్కించాడు. చివరిదాకా మెత్తగా తిరిగింది. ఇక దాని కింది నట్టును పైకి తెచ్చి పిడికి ఆనించి బిగించాలి. అది బిగించకపోతే చేతిలో పిడి గిర్రున తిరుగుతుంది, గుంటలు వేళ్లకు అందవు, గేరు పడదు. పరీక్ష పోతుంది. ఎవరికీ అనుమానం రాదు. ముసలాడి పొరపాటని ట్రెవరే ఊరంతా చెబుతాడు. కీత్ చేతిలో పానా అలాగే ఉండిపోయింది.

నోరీన్ లిప్‌స్టిక్ వేసుకుని, చేతికర్ర ఊనుకుంటూ బయటికొచ్చింది. "అయిందా? ఏంటలా చచ్చిన చేపలా చూస్తున్నావ్?"

"నట్టు బిగించాలి."

"బిగించు మరి! ఆవిడ వచ్చేస్తుంది."

ఆమె సీట్లో కూర్చుని పిడి మీద చెయ్యి వేసింది. ఒక్కో వేలూ దాని గుంటలో అది కూర్చుంది.

"కీత్," అంది, "ఏడాదిగా ఈ చెయ్యి నాది కాదనుకున్నాను."

అతను వంగి నట్టు బిగించాడు. మణికట్టు నొప్పెట్టేదాకా బిగించాడు.

పరీక్షకు వెళ్లిన కారు తిరిగొచ్చేదాకా అతను గేటు దగ్గరే పచార్లు చేశాడు. పరీక్షాధికారి దిగి, "బాగా నడిపారండీ. ఇక ఒంటరిగానైనా వెళ్లొచ్చు," అని చెప్పి తన కారెక్కింది. నోరీన్ దిగలేదు.

"వాలరూ జెట్టీ దాకా వెళ్లొస్తా. సముద్రం చూసి ఏడాదైంది."

"ఉండు, నేనూ వస్తా. బూట్లు వేసుకుని..."

"వద్దులే. నువ్వొస్తే దారంతా లేని బ్రేకు తొక్కుతూ కూర్చుంటావ్."

"పోనీ, నెమ్మదిగా..."

"పోతున్నా!"

మొదటి గేరు, రెండో గేరు పడ్డాయి. మలుపు దగ్గర కాస్త తడబడింది. మూడోది కూడా పడింది. చప్పుడు పూర్తిగా ఆగిపోయేదాకా అతను రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డాడు. అప్పుడు గేటు వేయడానికి తిరిగితే, స్తంభానికి ఆనించి ఉంది ఆమె చేతికర్ర.